అమ్మ తల్చుకునే ఒకే ఒక్క పాత వస్తువు

మొన్న సంక్రాంతికి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన వరసగా ఫొటోలు పెట్టాడు. రుబ్బురోలు, తిరగలి, పంపు స్టవ్, లాంతరు, రేడియో, టేప్‌రికార్డరు, నల్లటి డయల్ ఫోను, చెక్క తలుపుల పెట్టెలో బ్లాక్ అండ్ వైట్ టీవీ. కింద "ఆ రోజులే వేరు" అని రాశాడు. గంట తిరిగేలోగా గ్రూపులో సగం మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. నేనూ పెట్టాను. తర్వాత ఆ పేర్లన్నీ ఒకసారి కిందికి పైకి చూస్తే ఒక సంగతి తట్టింది. అందులో అరవై దాటిన ఆడవాళ్లు ఒక్కరూ లేరు. ఆ గ్రూపులో మా పిన్నులు, అత్తలు ఏడెనిమిది మంది ఉన్నారు, పొద్దున్నే గుడ్ మార్నింగులు కూడా పెడతారు.

ఫోను తీసుకెళ్లి అమ్మకి చూపించాను. అమ్మకి 72 ఏళ్లు. పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కళ్లజోడు సర్దుకుని ఒక్కో బొమ్మా చూసింది.

రోలు దగ్గర, "నాకొద్దు సామీ" అంది. తిరగలి దగ్గర, "అదీ వద్దు." లాంతరు చూసి, "దాని చిమ్నీ తుడిచీ తుడిచీ చేతులు మసిబారిపొయ్యేవి" అంది. పంపు స్టవ్ దగ్గర మొహం తిప్పుకుంది. టీవీకీ ఫోనుకీ ఏమీ అనలేదు, జరుపుకుంటూ పోయింది. రేడియో దగ్గర మాత్రం వేలు ఆగింది.

"మనది ఉండాదా ఇంకా?" అని అడిగింది.

ఆ మాట నన్ను వదల్లేదు. పాత వస్తువుల గురించి మనం చెప్పుకునేవన్నీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాల్సి వచ్చింది. "ఆ రోజులే బాగుండేవి" అనేవాళ్లలో ఎక్కువమంది ఆ వస్తువుల చివర కూర్చుని తిన్నవాళ్లు, చూసినవాళ్లు, విన్నవాళ్లు. వాటిని తిప్పినవాళ్లు, తోమినవాళ్లు, ఊదినవాళ్లు కాదు. ఇది నా మీద కూడా నేను పెట్టుకుంటున్న నేరమే.

నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లే హైవే మీద ఇప్పుడు చాలా హోటళ్ల గుమ్మంలో ఒక రోలు, ఒక బండి చక్రం కనిపిస్తున్నాయి. రోట్లో నీళ్లు పోసి బంతిపూలు వేస్తారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. వాళ్ల తప్పేం లేదు. కానీ మా ఇంట్లో రోలు ఎలా ఉండేదో చెబుతాను.

మాది కావలికి తూర్పున, తుమ్మలపెంట వెళ్లే దారిలో ఒక ఊరు. ఇంట్లో ఎనిమిది మందిమి. నాయన కావలిలో రైసుమిల్లులో గుమస్తా. వారానికి మూడు రోజులు దోసెలకో ఇడ్లీలకో రుబ్బాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ రోటి ముందు కాళ్లు చాపుకుని కూర్చునేది. కుడిచేత్తో పొత్రం తిప్పాలి, ఎడమచేత్తో అంచుకి ఎగదన్నే పిండిని లోపలికి తోస్తూ ఉండాలి. రెండు చేతులకీ ఒక లయ కుదరాలి. లయ తప్పితే వేళ్లు రాయికీ రాయికీ మధ్య పడతాయి. అమ్మ ఎడమచేతి ఉంగరపు వేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. నా చిన్నప్పటి నుంచీ అది అలాగే ఉంది, దాని కారణం మాత్రం నేను మొన్ననే అడిగాను. మా చెల్లెలు కడుపులో ఉన్న ఏడో నెలలో, కునుకు పట్టి, వేలు పొత్రం కింద పడిందట. ఆ పూట పిండి ఎలా చేశావమ్మా అంటే, "జేజి రుబ్బింది" అంది. అప్పుడు మా జేజికి, అంటే నాన్నమ్మకి, అరవై ఐదేళ్లు.

రోటి పచ్చడి రుచి మిక్సీ పచ్చడికి రాదు, ఒప్పుకుంటాను. ఆ రుచి ఎవరి భుజం లోంచి వచ్చిందో కూడా అదే నోటితో చెప్పాలి. మా ఇంటికి మిక్సీ వచ్చిన ఏడాది నుంచి ప్రతి దసరాకీ అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెడుతోంది. రోలు పెరట్లోకి పోయి కోళ్లకి నీళ్లు పోసే తొట్టి అయింది.

పంపు స్టవ్ గురించి రాయడం ఇంకా కష్టం. ఆ శబ్దం అంటే ఇష్టమని కొందరు రాస్తుంటారు. బర్నర్‌లో మసి పట్టితే సన్నటి పిన్ను పెట్టి పొడవాలి, గాలి కొట్టాలి, మంట ఒక్కసారి మొహం మీదికి లేస్తుంది. 1980లలో పేపర్లు చదివినవాళ్లకి "స్టవ్ పేలి కోడలు మృతి" అనే శీర్షిక గుర్తుండే ఉంటుంది. వాటిలో నిజంగా పేలినవి ఎన్నో, కానివి ఎన్నో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. 1986లో వరకట్నపు చావుల కోసం శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా 304బి సెక్షన్ చేర్చాల్సి వచ్చింది. అమ్మ మొహం ఎందుకు తిప్పుకుందో నేను అడగలేదు. మా వీధిలోనే ఒక ఇల్లుంది.

టీవీ సంగతి త్వరగా చెప్పేస్తాను. సూళ్లూరుపేటలో మా మేనత్త వాళ్లు మద్రాసుకి దగ్గర కాబట్టి, డాబా మీద పొడుగు పైపుకి యాంటెన్నా కట్టి అక్కడి తమిళ కార్యక్రమాలు పట్టుకునేవాళ్లు. ఆ డాబా మీది నుంచే శ్రీహరికోట రాకెట్లు కనిపించేవి. టీవీని దేశమంతా పాకించిన ఇన్సాట్-1బి ఉపగ్రహం మాత్రం అక్కడి నుంచి లేవలేదు. 1983 ఆగస్టులో అమెరికా వాళ్ల షటిల్‌లో పైకి వెళ్లింది. అంత బరువు మోసే రాకెట్ అప్పటికి మన దగ్గర లేదు. మా ఊళ్లోకి టీవీ వచ్చింది 1987లో, మా ఎదురింటికి. ఏడాదిన్నర పాటు ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే వీధి వీధంతా అక్కడే. ఆ ఇంటావిడా, సాయానికి వెళ్లిన మా అమ్మా వంటింట్లో ముప్పై మందికి టీలు కాస్తూ ఉండేవాళ్లు. రామాయణం మీద అమ్మ మాట ఒకటే: "నేను చూళ్లేదు, విన్నా. అదీ హిందీలో." వీధి మొత్తం ఒకచోట కూర్చుని చూసిన ఆ రోజుల గురించి నేను ఎన్నిసార్లో మురిసిపోతూ చెప్పాను. నా లెక్కలో ఇద్దరు తగ్గారన్నమాట.

ఇంతకీ రేడియో ఎందుకు వేరయింది?

మా రేడియో ఫిలిప్స్ రెండు బ్యాండ్లది. 1974లో నాయన కొన్నాడు. దానికి లైసెన్సు పుస్తకం ఉండేది, ఏటా పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు ఎత్తేశారు. పేరుకి అది నాయన రేడియో. పొద్దున ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వినేదాకా ఆయనది. "వార్తలు చదువుతున్నది అద్దంకి మన్నార్" అని గంభీరంగా వినపడగానే, అద్దంకి మన జిల్లాల ఊరే కదా, ఈయన మనవాడే అని నాయన ప్రతిసారీ పొంగిపోయేవాడు. ఆయన సైకిలెక్కి కావలి వెళ్లిపోయాక సాయంత్రం దాకా అది అమ్మది.

వంటింటి గోడకి ఒక గూడు ఉండేది. రేడియో అందులో. అమ్మ పిండి రుబ్బుతూ వినేది, చేపలు తోముతూ వినేది, పెరట్లో గిన్నెలు కడుగుతూ సౌండ్ పెంచుకుని వినేది. అది ఆమె కళ్లని అడగలేదు, చేతుల్ని అడగలేదు. చెవులు చాలు అంది. పొద్దస్తమానం రెండు చేతులూ పనిలో ఉన్న మనిషికి ఇంట్లోకి వచ్చిన వస్తువులన్నిట్లోకీ, ఇంకో పని పెట్టకుండా ఏదైనా ఇచ్చింది అదొక్కటే.

ఏమిచ్చింది అంటే, మా అమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. ఆమెకి తెలిసిన లోకంలో చాలాభాగం 837 కిలోహెర్ట్జ్‌ల మీదుగా, అంటే విజయవాడ కేంద్రం నుంచి వచ్చింది. ఆ కేంద్రం 1948లో మొదలైంది. భక్తిరంజని, పాడిపంటలు, ఆడవాళ్ల కార్యక్రమాలు, నాటకాలు, ఆదివారం ఉషశ్రీ గారి ధర్మసందేహాలు. మా చెల్లెలికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు, నీళ్లు తాగించొద్దని జేజి అడ్డం పడితే, అమ్మ రేడియోలో విన్న మాట పట్టుకుని ఎదురు నిలబడింది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఇప్పుడు అడిగినా నిద్రలో కూడా చెబుతుంది. అత్తగారి మాట కాదని ఆమె చేసిన మొదటి పని అది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. రేడియో అడక్కుండానే పెట్టేది. ఈ ముక్క దగ్గర నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఇవాళ్టి వస్తువుల మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది.

నాలుగేళ్ల కింద మా అమ్మాయి బెంగుళూరు నుంచి మాట చెబితే పాట పెట్టే స్పీకరు ఒకటి తెచ్చింది. నాన్నమ్మకి రేడియో బదులు ఇది అంది. ప్రేమతోనే తెచ్చింది. మొదటి ఇబ్బంది, మా అమ్మ నెల్లూరు యాస దానికి అర్థం కాదు. అయినా అది చిన్న సంగతి, నేర్చుకుంటుంది, ఇవాళ కాకపోతే రేపు. పెద్ద ఇబ్బంది ఏమిటంటే, అది ముందు "నీకేం కావాలి" అని అడుగుతుంది. ఉప్పు పంచదార నీళ్ల గురించి ముందే తెలిస్తే కదా అమ్మ అడిగేది! పాత నాటకం, ఎప్పుడూ వినని జానపదం, పక్క జిల్లాలో మిరపకి పట్టిన తెగులు, ఇవేవీ అడగడానికి ఆమె దగ్గర పేర్లు లేవు. మనకి తెలిసినదాన్నే మనకి తిప్పి తిప్పి పెట్టే వస్తువు తెలియనిదాని దాకా మనల్ని తీసుకెళ్లదు. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషికి ఆ తేడా చాలా పెద్దది.

ఫోనులో రేడియో లేదా అంటారు. ఉంది. అందులో విజయవాడ కూడా ఉంది. నేనే పెట్టిచ్చాను. తడి వేలితో తాకితే ఆ అద్దం పలకదు. వంటింట్లో వేలు తడిగా ఉండని నిమిషం ఏది? తుడుచుకుని వచ్చేసరికి లాక్ పడిపోతుంది. లాక్ తీస్తే ఎవరో పంపిన వీడియో పైన కూర్చుని ఉంటుంది. అది చూస్తూ నిలబడితే పోపు మాడిపోతుంది. రెండుసార్లు మాడాక అమ్మ ఫోనుని హాల్లోనే పెట్టేసింది. ఒక గుండ్రటి మీట, తిప్పితే టక్కున మోగేది, తడిచేత్తో, చీకట్లో, చూడకుండా తిప్పగలిగేది, ఆ ఒక్క మీటని వస్తువుల మీద నుంచి ఎందుకు పీకేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు స్టవ్‌కీ, వాషింగ్ మెషీన్‌కీ, ఫ్యానుకీ కూడా అద్దాలే పెడుతున్నారు. ఇవి తయారుచేసేవాళ్లలో ఎవరైనా ఒక్క పూట చేపల పులుసు వండి చూశారా?

1989 నవంబరు గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. కావలి తుఫాను అంటే మా వైపు పెద్దవాళ్లకి వేరే గుర్తు అక్కర్లేదు. థాయ్‌లాండ్ అవతలి సముద్రంలో పుట్టి, నేల దాటి, మళ్లీ బంగాళాఖాతంలో బలం పుంజుకుని, నవంబరు 8 రాత్రి మా కావలి దగ్గర తీరం దాటింది. నాకు పదమూడేళ్లు. మధ్యాహ్నానికే కరెంటు పోయింది. గూట్లో రేడియో మాత్రం నాలుగు పెద్ద బ్యాటరీల మీద మాట్లాడుతూనే ఉంది. గంటగంటకీ హెచ్చరిక. ఎదురింటి టీవీ నల్లగా, మూగగా ఉంది. సాయంత్రం అందరం బడి బిల్డింగుకి వెళ్లిపోయాం. నాయన బియ్యం మూట ఎత్తుకున్నాడు. అమ్మ రేడియోని తువ్వాల్లో చుట్టి సత్తుగిన్నెలో పెట్టి, మూత వేసి, చంకన పెట్టుకుని నడిచింది, మా చెల్లెల్ని ఎత్తుకున్నట్టే.

ఆ రాత్రి గాలి గురించి రాయను, రాయడం చేతకాదు. తెల్లారాక మా ఊళ్లో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పన్నెండు రోజులు కరెంటు లేదు. నాలుగో రోజుకి బ్యాటరీలు నీరసించాయి, గొంతు సన్నబడిపోయింది. మామూలప్పుడైతే బ్యాటరీలు ఎండలో పెట్టేవాళ్లం, కాస్త వేడి తగిలితే ఇంకో పూట పలికేవి. ఎండ లేదు. అమ్మ వాటిని కట్టెల పొయ్యి గట్టు మీద, మంటకి జానెడు దూరంలో వరసగా నిలబెట్టి, చేత్తో తాకి తాకి చూస్తూ, గోరువెచ్చగా అయ్యాక తీసి రేడియోలో వేసేది. పావుగంట వినిపించేది. ఆ పావుగంటకి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి పొయ్యి చుట్టూ కూర్చునేవాళ్లు. రైళ్లు ఎక్కడ ఆగాయో, ఏ ఊళ్లకి బియ్యం వస్తున్నాయో అందరికీ అక్కడే తెలిసేది. తర్వాత బ్యాటరీలు మళ్లీ గట్టు మీదికి. ఆ పన్నెండు రోజులూ ఊరికి కబురు చెప్పింది మా అమ్మే.

ఇప్పుడు తుఫాను వస్తే సెల్‌కి మెసేజీ వస్తుంది. మంచిదే, ఇంకా ముందుగా వస్తుంది, ప్రాణాలు కాపాడుతోంది. నేను కాదనను. కానీ టవర్ పడిపోయాక, చార్జింగ్ అయిపోయాక పొయ్యి గట్టు మీద పెట్టి బతికించుకోగలిగింది మన చేతిలో ఏముంది?

అమ్మ అడిగిన ఆ ప్రశ్నతో అటక ఎక్కాను. రేడియో ఉంది. నెల్లూరుకి ఇల్లు మారినప్పుడు అమ్మే గోనెసంచిలో కట్టి పెట్టింది. బ్యాటరీల గదిలో ఏనాటివో రెండు బ్యాటరీలు కారి స్ప్రింగులకి పచ్చగా చిలుము పట్టింది. ట్రంకు రోడ్డు వెనక సందులో మిక్సీలు, ఇండక్షన్ స్టవ్‌లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అది చూడగానే ఆయన చేతిలో ఉన్న పని పక్కన పెట్టేశాడు.

నాలుగు స్క్రూలు తీస్తే వెనక డొప్ప ఊడింది. లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది, మొత్తం సర్క్యూట్ బొమ్మ. ఏ ముక్క ఎక్కడుందో, దాని విలువ ఎంతో, అన్నీ. అంటే దాన్ని తయారుచేసినవాళ్లు ఇది ఏదో ఒక రోజు చెడిపోతుందని, మీ ఊళ్లో ఎవరో ఒకరు బాగుచేస్తారని ముందే అనుకుని, ఆ మనిషి కోసం ఉత్తరం రాసిపెట్టారు. మొన్నామధ్య మా ఇంట్లో ఆరేళ్ల టీవీ ఆగిపోతే సర్వీసు సెంటర్ వాళ్లు "బోర్డు పోయింది, ఆ మోడల్ బోర్డులు రావడం లేదు" అని పది నిమిషాల్లో తేల్చేశారు. మరమ్మతు హక్కు మీద 2022లో కేంద్రం ఒక కమిటీ వేసింది, పోర్టల్ పెట్టింది. దానికి నిజంగా పళ్లు రావాలని కోరుకుంటున్నాను. ఆ హక్కు ఎలా ఉంటుందో ఎవరికైనా చూపించాలంటే ఆ డొప్ప లోపలి కాగితం చాలు.

పెద్దాయన ఎండిపోయిన కండెన్సర్లు మూడు మార్చాడు. స్ప్రింగులు గీకి శుభ్రం చేశాడు. స్టేషన్ ముల్లుని నడిపే దారం తెగిపోయి ఉంటే, కప్పీల చుట్టూ కొత్త దారం తిప్పి ముడి వేశాడు. ఆ ముడి వేయడానికే అరగంట పట్టింది. 450 రూపాయలు తీసుకున్నాడు. ఇచ్చేటప్పుడు, "మీడియం వేవ్ ఇళ్లలో సరిగా పలకదు సార్" అన్నాడు. మీడియం వేవ్ అంటే విజయవాడ కేంద్రం వచ్చే బ్యాండు.

ఎందుకో ఇంటికొచ్చాక తెలిసింది. ఎల్‌ఈడీ బల్బుల్లో, ఫోను చార్జర్లలో, వైఫై పెట్టెకి కరెంటు ఇచ్చే అడాప్టర్లో సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ అయ్యే సర్క్యూట్లు ఉంటాయి. వాటి చప్పుడు మీడియం వేవ్ మీద పడుతుంది. వంటింట్లో పెడితే గరగర, హాల్లో పెడితే జుయ్యిమని హోరు. అమ్మ రెండు రోజులు ముల్లు అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా తువ్వాలు కప్పేసింది. ఆమె అలా ఊరుకోవడం నాకు చాలా కష్టమనిపించింది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, గాలివానకి మా వేదాయపాళెం అంతా కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది. నాకేదో తట్టి దాన్ని కూడా ఆపేశాను. రేడియో తీసుకుని అమ్మని నెమ్మదిగా డాబా మీదికి ఎక్కించాను. చీకటి పడితే మీడియం వేవ్ దూరం సాగుతుంది. పగలు ఎండకి ఆకాశంలో కింద ఒక పొర ఏర్పడి ఆ తరంగాలని మింగేస్తుంది. పొద్దుగూకాక అది పోయి, పైన ఉన్న పొర వాటిని తిరిగి నేలకి కొడుతుంది. పిట్టగోడ మీద పెట్టి మీట తిప్పాను. హోరు లేదు. ఏదో భాష, ఏదో పాట, మళ్లీ నిశ్శబ్దం.

"అట్టా కాదు, దాని వీపు విజయవాడ వైపు ఉండాల" అంది అమ్మ. లోపల చుట్ట చుట్టిన తీగతో ఒక నల్లటి కడ్డీ ఉంటుంది. అది స్టేషన్ వైపు మొన చూపిస్తే పలకదు, అడ్డంగా ఉంటేనే పలుకుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాను. ఆమె గూట్లో రేడియో సర్దుకుంటూ యాభై ఏళ్ల కిందటే నేర్చుకుంది. రెండు చేతులతో పట్టుకుని, ఉత్తరం ఎటో నన్ను అడిగి, కొద్ది కొద్దిగా తిప్పింది.

ఒకచోట తెలుగు మాట వినపడింది. ఆడగొంతు. విజయవాడో, కడపో, మద్రాసో తేల్చుకునేలోపే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "కదపమాక" అంది. ఏ కార్యక్రమమో తెలియదు, మధ్యలో నుంచి విన్నాం. ఎవరో బావి దగ్గర పాడుకునే పాట గురించి చెప్పి, తర్వాత ఆ పాట పాడారు. అమ్మ పిట్టగోడకి చెవి దగ్గరగా పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింది. ఆ చేతులు ఏ పనీ లేకుండా ఉండగా ఆమె రేడియో వినడం నేను చూడటం అదే మొదటిసారి.

ఏడుంబావుకి కరెంటు వచ్చింది. వీధి దీపాలు, పక్కింటి బాల్కనీ, కింద మా హాలు, అన్నీ ఒక్కసారి వెలిగాయి. రేడియో గరగరమంది, ఆ గొంతు అందులో కలిసిపోయింది. అమ్మ ముల్లు తిప్పలేదు. నా వైపు తిరిగింది.

"మెయిన్ ఆపేసి రా నాయనా" అంది.